పనిస్థలములో నడవడి: మందలింపు చాలునా?

(మన సంస్థలలో పనిచేయువారి కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది సంవత్సరములో మన బళ్ళు, ఆసుపత్రులు, వసతి గృహములు ఎట్లు పుట్టినవో, వాటిని ఎవరు కట్టినారో అనేకులు చెప్పుచున్నారు. అది చెప్పవలసినదే. మాకు అప్పగింపబడిన అంశము మాత్రము వేరు. ఆ గోడలమధ్య పనిచేయువారు ఒకరితో ఒకరు ఎట్లు నడచుకొనుచున్నారు? ఒకరు తప్పుగా నడచుకొనినప్పుడు ఎవరు ఎవరికి లెక్క అప్పగించవలెను? ఒక సంస్థకు మంచిపేరు దాని బోర్డువలన రాదు. రాత్రి డ్యూటీ ముగించుకొని తెల్లవారి ఇంటికి చేరిన నర్సమ్మ తన తల్లితో ఏమి చెప్పునో, దానివలన వచ్చును.

పనిస్థలములో చెడు నడవడి అనగానే పెద్ద నేరములే మనకు తోచును. అవి ఒక్కరోజులో పుట్టవు. ఆఫీసులో తండ్రి వయస్సుగల అటెండరును "ఒరేయ్" అని పిలుచుట, బడి ఆయాచేత ఇంటి బట్టలు ఉతికించుకొనుట, కొత్తగా చేరిన టీచరమ్మ చీరనుగూర్చి నలుగురిలో వ్యాఖ్యానించుట, సెలవు అడిగిన వారితో కులము తెలియునట్లు మాటలాడుట. ఇవన్నియు చూచి చుట్టుప్రక్కలవారు నవ్వుదురు, లేదా తల వంచుకొని ఫైలు చూచుకొందురు. ఈ నవ్వును, ఈ తలవంపును చూచినవాడు ఇక్కడ ఏమి చేసినను చెల్లునని నేర్చుకొనును.

సమూయేలు మొదటి గ్రంథములో ఏలీ కుమారుల సంగతి మీకందరికి తెలియును. బలి అర్పించువారి కథగానే మనము దానిని చదువుదుము. దానిని ఒక పనిస్థలము కథగా ఒకసారి చదువుడని కోరుచున్నాము. షిలోహులోని మందిరము ఒక పనిస్థలము. హొఫ్నీ, ఫీనెహాసు అక్కడ ఉద్యోగస్థులు. ప్రజలు తెచ్చిన మాంసమును నియమము తప్పి తీసికొనుచుండిరి. గుడారపు ద్వారమునొద్ద సేవచేయు స్త్రీలతో తప్పుగా ప్రవర్తించుచుండిరి. ఇంకొక సంగతి కూడ గమనింపుడి. కొంకి చేత పట్టుకొని వచ్చి, ఇయ్యకపోయినయెడల బలవంతముగా తీసికొందునని ప్రజలను బెదిరించినవాడు యాజకుని పనివాడు. పైవారి నడత క్రిందివానికి అంటుకొన్నది. దీనినే ఈ కాలమువారు పనిస్థలపు సంస్కృతి అనుచున్నారు.

ఏలీ ఏమి చేసెను? అతడు వినలేదని ఎవరును అనలేరు. అంతయు వినెను. ఊరుకొనెనని కూడ అనలేరు. కుమారులను పిలిచి మందలించెను. అయినను మరునాడు వారు అదే కొంకితో అదే ద్వారమునొద్ద ఉండిరి. దేవుడు లెక్క అడిగినది కుమారులను మాత్రమే కాదు. తెలిసియు వారిని అడ్డగింపలేదని ఏలీని కూడ అడిగెను. మేము ఈ దినము చెప్పదలచిన ఒక్క మాట ఇదియే. మందలించుట వేరు, అడ్డగించుట వేరు. తప్పు చేసినవానిని మాటతో మందలించి అదే కుర్చీలో కూర్చుండబెట్టినయెడల మనము అతనిని లెక్క అడిగినట్లు కాదు.

ఒక సంస్థలో జరిగిన సంగతి చెప్పెదము. ఊరు, పేరు చెప్పము. కాంట్రాక్టుమీద పనిచేయు ఒక యువతిని ఆమె పై అధికారి మాటలతో వేధించుచుండెను. ఆమె భయపడుచునే ఒక పెద్దకు చెప్పినది. ఆయన మంచివాడే. అధికారిని పిలిచి గట్టిగా చీవాట్లు పెట్టినారు. అతడు క్షమాపణ కోరినాడు. ముగ్గురును టీ త్రాగినారు. సంగతి ముగిసినదని పెద్దగారు సంతోషించినారు. అయితే డ్యూటీ చార్టు ఇంకను ఆ అధికారి చేతిలోనే ఉన్నది. ఆ నెలనుండి ఆమెకు ఆదివారపు సెలవు లేదు, రాత్రి డ్యూటీలు రెట్టింపైనవి. మూడు నెలలకు ఆమె పని మానినది. మేము ఆ ఊరికి వెళ్ళిన తరువాత ఆమె తల్లి చెప్పగా ఈ సంగతి మాకు తెలిసినది. ఆ తల్లి ఒక్కటే అడిగినది: "అయ్యగారూ, తప్పు చేసినాయన అక్కడే ఉన్నాడు, చెప్పిన పిల్ల ఇంట్లో ఉంది. ఇదేమి న్యాయమండీ?"

ఈ ప్రశ్నకు మన దేశపు చట్టము ఒక జవాబు చెప్పుచున్నది. ఆ చట్టము ఎట్లు వచ్చినదో మన సంఘస్థులు తెలిసికొనవలెను.

రాజస్థాన్‌లో జయపురమునకు దగ్గరగా భటేరీ అను గ్రామము కలదు. అక్కడ కుమ్మరి కులమునకు చెందిన భన్వరీ దేవి అను స్త్రీ ప్రభుత్వపు స్త్రీ అభివృద్ధి కార్యక్రమములో గ్రామ కార్యకర్తగా పనిచేసినది. బాల్యవివాహములను ఆపుట ఆమె పనిలో ఒక భాగము. 1992లో ఒక పసిబిడ్డ పెండ్లిని ఆపుటకు ఆమె ప్రయత్నించినది. ఆ కక్షతో అదే సంవత్సరము సెప్టెంబరులో తనపై సామూహిక అత్యాచారము జరిగినదని ఆమె ఫిర్యాదు చేసినది. 1995లో క్రింది కోర్టు నిందితులను ఆ నేరమునుండి విడుదల చేసినది. ఆమె చేసినది ప్రభుత్వము అప్పగించిన పని. ఆ పనివలననే ఆమెకు పగ వచ్చినది. అట్టి స్త్రీకి పని ఇచ్చినవారి బాధ్యత ఏమి?

కొన్ని స్త్రీ సంఘములు ఈ ప్రశ్నతో సుప్రీం కోర్టుకు వెళ్ళినవి. వాటిలో ఒకదాని పేరు విశాఖ. ఇది మన విశాఖపట్టణము కాదు, రాజస్థాన్‌లోని ఒక సంస్థ. 1997 ఆగస్టు 13న కోర్టు తీర్పు చెప్పినది. పనిస్థలములో లైంగిక వేధింపు స్త్రీయొక్క సమానత్వమునకు, గౌరవముగా జీవించు హక్కునకు భంగమనియు, దానిని నివారించు బాధ్యత యజమానిపైన ఉన్నదనియు నిర్ణయించి, చట్టము వచ్చువరకు అందరును పాటింపవలసిన నియమములు ఇచ్చినది. పార్లమెంటు చట్టము చేయుటకు ఇంకను పదునారు సంవత్సరములు పట్టినది. 2013లో చేసిన ఆ చట్టము అదే సంవత్సరము డిసెంబరు 9నుండి అమలులోనికి వచ్చినది.

ఈ మధ్యలో ఇంకొక తీర్పు వచ్చినది. ఢిల్లీలో ఎగుమతులకు సంబంధించిన ఒక సంస్థలో 1988లో ఒక అధికారి తన క్రింద పనిచేయు టైపిస్టుతో తప్పుగా ప్రవర్తించినాడని విచారణలో తేలి, అతనిని ఉద్యోగమునుండి తొలగించినారు. అతడు ప్రయత్నించినాడే గాని నిజముగా తాకినట్లు లేదని హైకోర్టు అతనిని మరల ఉద్యోగములోనికి తీసికొనుమన్నది. 1999లో సుప్రీం కోర్టు ఆ మాటను త్రోసివేసి తొలగింపునే స్థిరపరచినది. "తాకలేదు గదా, మాటే గదా" అని మన కమిటీలలో అనువారు ఈ తీర్పును జ్ఞాపకముంచుకొనవలెను.

చట్టములోని ముఖ్య సంగతులు సులభముగా చెప్పెదము. పదిమంది, అంతకు పైగా పనిచేయు ప్రతి చోట అంతర్గత కమిటీ ఉండవలెను. దానికి పై స్థాయిలోని ఒక స్త్రీ అధ్యక్షురాలు. సభ్యులలో సగముకు తగ్గకుండ స్త్రీలే ఉండవలెను. బయటి స్వచ్ఛంద సంస్థనుండి, లేక ఈ విషయములు తెలిసిన వారినుండి ఒకరిని తీసికొనవలెను. మనవారిని మనమే విచారించుకొనినయెడల మొగమాటము అడ్డువచ్చునని చట్టము చేసినవారికి తెలియును. పదిమందికంటె తక్కువ ఉన్నచోట, లేక ఫిర్యాదు యజమానిపైననే అయినప్పుడు, జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళవలెను. మన ఇండ్లలో అంట్లు తోమి వంట చేయు స్త్రీలకు కూడ ఈ స్థానిక కమిటీ తలుపు తెరచియున్నది.

ఆసుపత్రులు, విద్యాలయములు, ట్రస్టులు, సొసైటీలు అన్నియు చట్టములో పనిస్థలములే. జీతగాండ్రు మాత్రమే కాదు, దినకూలీలు, తాత్కాలికులు, శిక్షణలో ఉన్నవారు, జీతము లేక స్వచ్ఛందముగా పనిచేయువారు కూడ దాని క్రిందికి వత్తురు. అంతేకాదు, అక్కడ ఉద్యోగము లేని స్త్రీ కూడ ఆ స్థలములో వేధింపబడినయెడల ఫిర్యాదు చేయవచ్చును.

ఇక్కడ మాకు బోయజు పొలము జ్ఞాపకము వచ్చుచున్నది. రూతు అతని కూలిమనిషి కాదు. పరిగె ఏరుకొనుటకు వచ్చిన పరదేశి, విధవరాలు, అడిగే దిక్కులేనిది. ఆమెకు ఏదో కీడు జరిగిన తరువాత బోయజు పంచాయితీ పెట్టలేదు. ముందుగానే తన పనివాండ్రను పిలిచి ఆమెను ముట్టకూడదని ఆజ్ఞాపించెను. దాహమైనప్పుడు ఎక్కడ నీళ్ళు త్రాగవలెనో ఆమెకు చెప్పెను. ఆమెను సిగ్గుపరచవద్దని వారికి చెప్పెను. చట్టము కూడ యజమానిని ఇదే చేయుమనుచున్నది. కమిటీ నియామకపు ఉత్తరువును, తప్పు చేసినవారికి కలుగు ఫలితమును అందరికి కనబడు చోట వ్రాసి పెట్టవలెను. పనివారికి అవగాహన తరగతులు జరుపవలెను. కమిటీ ఏర్పరచని యజమానికి ఏబది వేల రూపాయల వరకు జరిమానా కలదు.

ఫిర్యాదు సంఘటన జరిగిన మూడు నెలలలోగా వ్రాతమూలముగా ఇయ్యవలెను. తగిన కారణము ఉన్నయెడల కమిటీ మరి మూడు నెలలు గడువు ఇయ్యవచ్చును. వ్రాయలేని స్త్రీకి వ్రాయుటలో సహాయము చేయవలెను. విచారణ తొంబది దినములలో ముగియవలెను. నివేదిక వచ్చిన అరువది దినములలో యజమాని చర్య తీసికొనవలెను. విచారణ జరుగుచుండగా ఆమె కోరినయెడల ఇద్దరిలో ఒకరిని వేరొక చోటికి మార్చుటకు, ఆమెకు మూడు నెలల వరకు సెలవు ఇచ్చుటకు, ఆమె పనినిగూర్చి ఆ అధికారి రిపోర్టు వ్రాయకుండ ఆపుటకు కమిటీ సిఫారసు చేయవచ్చును. ఆ తల్లి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉన్నది. అడ్డగించుట అనగా అధికారమును ఆ చేతిలోనుండి తీసివేయుట.

తప్పు రుజువైనప్పుడు వ్రాతపూర్వకమైన క్షమాపణ, మందలింపు మొదలుకొని ప్రమోషను ఆపుట, ఉద్యోగమునుండి తొలగించుట వరకు చర్యలు ఉన్నవి. మందలింపు కూడ ఈ జాబితాలో ఉన్నదని గమనింపుడి. అయితే అది విచారించి, వ్రాసి, రికార్డులో ఉంచిన మందలింపు. టీ త్రాగుచు చేసిన మందలింపు కాదు.

ఇన్ని ఉండగా మన సంస్థలలో ఫిర్యాదులు ఎందుకు లోలోపలనే అణగిపోవుచున్నవి? పరిచర్యలో మేము తరచు వినుచున్న మూడు మాటలు చెప్పెదము.

మొదటిది, "క్షమించవలెను గదా" అనుమాట. క్షమించుట గాయపడినవారి హృదయములోనుండి వచ్చు వరము. దానిని ఇంకొకరు, అందులోను ఆ సంస్థ పెద్దలు, ఆమెచేత బలవంతముగా ఇప్పించలేరు. జక్కయ్యను చూడుడి. రక్షణ తన ఇంటికి వచ్చిన దినముననే, అన్యాయముగా తీసికొనినది నాలుగంతలుగా తిరిగి ఇచ్చెదనని లెక్క చెప్పెను. క్షమాపణ లెక్కను కొట్టివేయలేదు, లెక్క చెప్పు ధైర్యము ఇచ్చినది. చట్టము కూడ నష్టపరిహారమును తప్పుచేసినవాని జీతమునుండి తగ్గించి ఆమెకు ఇప్పించుటకు దారి చూపుచున్నది.

రెండవది, "ముందు నీవే ఒంటరిగా వెళ్ళి అతనితో మాటలాడుము" అనుమాట. దీనికి మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయమును చూపుదురు. సహోదరుడు సహోదరునియొద్దకు వెళ్ళు మార్గమది. ఒకరి చేతిలో జీతము, రెన్యూవలు, డ్యూటీ చార్టు ఉండి, రెండవవారి చేతిలో ఏమియు లేనప్పుడు, ఆమెను ఒంటరిగా ఆ గదిలోనికి పంపుట ఆ వాక్యమునకు లోబడుట కాదు. ఆ అధ్యాయము ఆరంభములోనే చిన్నవారికి అభ్యంతరము కలుగజేయువారిని గూర్చిన కఠినమైన హెచ్చరిక ఉన్నదని మరువరాదు. నాతాను దావీదునొద్దకు వెళ్ళినాడు. బత్షెబను వెళ్ళుమని ఎవరును చెప్పలేదు.

మూడవది, "సంస్థకు చెడ్డపేరు వచ్చును" అనుమాట. ఈ భయముతో మనము ఎక్కువగా చేయునది బదిలీ. ఈ బడిలో గొడవైనదని ఆ మనిషిని నలువది మైళ్ళ దూరములోని వేరొక బడికి పంపుదుము. అక్కడివారికి ఏమియు చెప్పము. అట్టి బదిలీ శిక్ష కాదు, అపాయమును తెలియనివారి ఇంటికి చేరవేయుట. ఇది మన జబ్బు మాత్రమే కాదు. 2023 మే నెలలో గోవాకు సంబంధించిన ఒక వ్యాజ్యములో సుప్రీం కోర్టు ఈ చట్టము అమలునుగూర్చి విచారము వెలిబుచ్చినది. దేశములోని 30 జాతీయ క్రీడా సమాఖ్యలలో 16 సమాఖ్యలకు అప్పటికి కమిటీయే లేదని వచ్చిన పత్రికా వార్తను తీర్పులో ఉదహరించినది. లోకములో పెద్ద పెద్ద సంస్థలే ఇట్లున్నవని మనము ఊరట చెందరాదు. దాచిన సంస్థకు వచ్చు పేరుకంటె, విచారించి సరిచేసికొనిన సంస్థకు వచ్చు పేరు మేలు.

నింద మోపబడినవారి పక్షమున కూడ ఒక మాట చెప్పవలెను. లెక్క అడుగుట అనగా ముందే తీర్పు తీర్చుట కాదు. ఫిర్యాదు ప్రతిని అతనికి ఇయ్యవలెను, జవాబు వ్రాయుటకు గడువు ఇయ్యవలెను, సాక్షులను చూపుకొననియ్యవలెను. నిర్ణయము న్యాయము కాదని తోచినవారు ఎవరైనను అప్పీలు చేసికొనవచ్చును. కావలెనని అబద్ధపు ఫిర్యాదు చేసినవారిపైన చర్య కలదు. అయితే రుజువు చేయలేకపోవుట వేరు, అబద్ధమాడుట వేరు అని చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. ఇద్దరి పేర్లును, విచారణ సంగతులును బయట పెట్టరాదు. మనలో ప్రార్థన విన్నపము పేరిట ఈ పేర్లు సాయంకాలమునకే ఊరంతయు తిరుగును. "ఫలానా అమ్మాయి కొరకు ప్రార్థించండి, పాపం" అనుట కనికరముగా కనబడును గాని, ఆమెను రెండవసారి గాయపరచును. పేరు లేకుండగనే దేవుడు ఆలకించును.

వసతి గృహములలోని పిల్లల సంగతి ఇంకను కఠినమైనది. పదునెనిమిది ఏండ్లలోపు పిల్లలపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు ఎవరైనను పోలీసులకు తెలియజేయవలెనని 2012 నాటి చట్టము ఆజ్ఞాపించుచున్నది. తెలిసియు చెప్పకుండుట నేరము. అక్కడ మన కమిటీ విచారణ పోలీసులకు బదులు కాజాలదు. వార్డెనుకు, మేనేజరుకు, పాస్టరుకు ఇందులో మినహాయింపు లేదు.

ఈ 2013 చట్టము స్త్రీల ఫిర్యాదులను గూర్చినది. పురుషులైన పనివారు పడు అవమానములు, బూతులు, కులపు మాటలు, ఇంటి చాకిరి ఆ కమిటీ పరిధిలోనికి రాకపోవచ్చును. వాటికొరకు మన సర్వీసు నిబంధనలలోనే చోటు కల్పించవలెను. ఏది సహించరానిదో వ్రాసి ఉంచవలెను. వ్రాయని నియమము పెద్దవారికి ఒక విధముగాను చిన్నవారికి మరియొక విధముగాను వర్తించును.

చివరకు, ఎవరు ఏమి చేయవలెనో చెప్పి ముగించెదము.

అధికారములో ఉన్నవారు, పాస్టర్లమైన మమ్ములను కలుపుకొని, మొదట తామే లెక్క చెప్పుటకు సిద్ధపడవలెను. మాపైన ఫిర్యాదు వచ్చినప్పుడు దానిని మా బల్లమీదనే తెరచుట న్యాయము కాదు. అది జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళు మార్గమును మేమే చూపించవలెను. కమిటీలలో ఉన్నవారు ఫిర్యాదు వచ్చువరకు ఎదురుచూడక బోయజువలె ముందుగానే మాటలాడవలెను. తోటి పనివారు నవ్వకుండవలెను. "అది బాగులేదండీ" అని అక్కడికక్కడే అనుటకు పెద్ద ఉద్యోగము అక్కరలేదు. చూచినది చూచినట్లు విచారణలో చెప్పవలెను. సాక్ష్యమను మాటను మనము ఆదివారము ఎక్కువగా వాడుదుము. సోమవారము దాని అవసరము ఎక్కువ.

సంఘస్థులైన మీరు మీ కూతురో కోడలో పనినుండి వచ్చి ఏదైన చెప్పినప్పుడు, "సర్దుకొని పొమ్మా, ఉద్యోగము పోగొట్టుకొందువా" అని మొదటి మాటగా అనకుడి. ముందు వినుడి. జరిగిన తేదీలు ఆమెచేత వ్రాయించుడి. ఆమె వెంట వెళ్ళుడి. మూడు నెలల గడువు సిగ్గుతోను సందేహముతోను తొందరగా గడచిపోవును.

ఈ కూడికనుండి వెళ్ళిన తరువాత ప్రతివారును తాము పనిచేయు చోట ఒకసారి గోడమీద చూడుడి. కమిటీ సభ్యుల పేర్లు అక్కడ ఉన్నవా? లేకపోయినయెడల ఎందుకు లేవని వ్రాతమూలముగా అడుగుడి. ఉన్నయెడల ఆ పేర్లు ఈ సంవత్సరమువేనా, లేక రిటైరై వెళ్ళిపోయినవారివా అని చూడుడి. ఇది చిన్న పని. అయినను ఏలీ ఇంటిలో ఆ చిన్న పని చేయువారు లేకపోయిరి. మన సంస్థలు ఆ ఇంటివలె కాక బోయజు పొలమువలె ఉండవలెనని, ఎవరి దిక్కును లేని స్త్రీ కూడ అక్కడ భయము లేక పనిచేసికొని సాయంకాలము క్షేమముగా ఇంటికి వెళ్ళవలెనని మా ప్రార్థన.